పద్మిని బాడీ లోపలి రేకులు: తుప్పు పట్టకుండా, రాళ్ల దెబ్బలు తగలకుండా ఏం చేయాలి?

పటమట పద్మిని:
అందరికీ నమస్తే. నా బండి 1979 ప్రీమియర్ పద్మిని. మొత్తం షెల్ వరకూ విప్పేశాం, ఇంజన్, సీట్లు, సస్పెన్షన్ అన్నీ బయటే ఉన్నాయి. ఆటోనగర్‌లో టింకరింగ్ దాదాపు అయిపోయింది. రెండు వైపులా రన్నింగ్ బోర్డు బాక్సులు (డోర్ల కింద పొడుగ్గా, లోపల డొల్లగా ఉండే రేకు బాక్సులు) కోసి కొత్తవి వేశారు, డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోర్ సగం కొత్త రేకే, వెనక మడ్‌గార్డుల లోపలి అంచులు కూడా అతుకులు వేశారు. పైరంగు గురించి నాకు బెంగ లేదు, పెయింటర్ పనితనం చూశాను. నా టెన్షన్ అంతా కనపడని చోట్ల గురించే. బాక్సుల లోపల, డోర్ల లోపల, చక్రాల పైన, ఫ్లోర్ కింద.

షెడ్డులో అడిగితే "అడుగంతా నల్ల కోటింగ్ కొట్టేద్దాం సార్, పదేళ్లు తిరిగి చూడక్కర్లేదు" అంటున్నారు. కానీ పాత ఓనర్ ఇదే కారుకు కొట్టించిన నల్ల కోటింగ్ గీకితే దాని కింద రేకు పెచ్చులు పెచ్చులుగా ఊడి చేతిలోకి వచ్చింది. పైకి మాత్రం నున్నగా, గట్టిగా కనపడింది. అదే పని మళ్లీ చేయించడానికి మనసు ఒప్పుకోవట్లేదు.

వాడకం ఎక్కువగా ఆదివారాలు, అప్పుడప్పుడు గుంటూరు వైపు హైవే మీద, కుదిరితే సూర్యలంక బీచ్. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెడతాను, వానాకాలం అక్కడ గోడలు చెమ్మగానే ఉంటాయి. ఇప్పుడు షెల్ ఖాళీగా ఉంది కాబట్టి ఏం చేసినా ఇప్పుడే చేయాలి, తర్వాత చెయ్యి దూరదు. వరస చెప్పండి, ఏది ముందు ఏది వెనక?

ఆటోనగర్ మేస్త్రీ:
తమ్ముడూ, మంచి టైమ్‌లో అడిగావు. నేను టింకరింగ్ పనిలోనే పెరిగాను, ఫియట్లు, అంబాసిడర్లు చాలా కోశాను. ఒకటి చెప్తాను, ఈ బళ్లకు తుప్పు ఎక్కువగా బయటి నుంచి లోపలికి రాదు, లోపలి నుంచి బయటికి వస్తుంది. రన్నింగ్ బోర్డు మీద చిన్న బుడగ కనపడిందంటే లోపల అరచేతి మేర తిన్నట్టే. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పడి స్పాట్ వెల్డింగ్ అయిన చోట నీళ్లు దూరి నిలబడితే, తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి ఆ సందును అదే ఉబ్బించి విడదీస్తుంది. ఇంకా నీళ్లు పోతాయి, ఇంకా ఉబ్బుతుంది.

ముందు ఇది చెప్పు. కొత్త బాక్సులు మూసేటప్పుడు రేకులు కలిసే అంచుల మీద జింకు ప్రైమర్ కొట్టారా? వెల్డింగ్ గ్యాసా, సీఓటూనా (కార్బన్ డయాక్సైడ్ వాడే వైరు వెల్డింగ్)?

పటమట పద్మిని:
వెల్డింగ్ సీఓటూ, అన్నా. అంచుల మీద బూడిద రంగు జింకు ప్రైమర్ కొట్టడం దగ్గరుండి చూశాను, ఫోటోలు కూడా ఉన్నాయి. రేకు 20 గేజీ అన్నారు.

ఆటోనగర్ మేస్త్రీ:
20 గేజీ అంటే దాదాపు 0.9 మి.మీ., సరిపోతుంది. జింకు ముందు తను కరిగిపోయి ఇనుమును కాపాడుతుంది, కొట్టడం మంచిదే. కానీ వెల్డింగ్ పడిన చుక్క చుట్టూ వేడికి ఆ జింకు కూడా కాలిపోతుంది, బాక్సు లోపలి వైపు నీలంగా, నల్లగా మాడిన మచ్చలు మిగులుతాయి. బయట నువ్వు గ్రైండర్ పెట్టి నున్నగా చేసుకుంటావు, లోపలి మచ్చకు బట్ట లేదు. కొత్త రేకు వేసిన బండి రెండు మూడు వానాకాలాలకే మళ్లీ బుడగలు ఎత్తిందంటే కారణం ఎక్కువసార్లు ఇదే.

గుంటూరు బూత్:
నమస్తే అండి, నాది పెయింట్ పని, గుంటూరు. మేస్త్రీ గారు చెప్పిన మాట నూటికి నూరు పాళ్లు నిజం. వరస అడిగారు కదా, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

మొదట లోహం శుభ్రం కావాలి. ఫ్లోర్ కింద, చక్రాల గూళ్లలో పాత తారు, అంటే ఆ నల్ల కోటింగ్, అంతా తీసేయించండి. హీట్ గన్‌తో మెత్తబరిచి గరిటతో గీకి, మిగిలింది థిన్నర్‌తో తుడిపించాలి. తర్వాత గ్రైండర్‌కు బిగించే ఇనుప తీగల కప్పు బ్రష్. ఆటోనగర్‌లో లారీ చాసిస్‌లకు శాండ్ బ్లాస్టింగ్ (గాలి ప్రెషర్‌తో ఇసుక కొట్టి తుప్పు వదిలించడం) చేసే షెడ్లు ఉన్నాయి, ఫ్లోర్‌కు, దాని కింద బలమిచ్చే మెంబర్లకు అది చాలా బాగా పనిచేస్తుంది. కానీ లారీకి పెట్టే ప్రెషరే పెట్టి డోర్ల మీద, బానెట్ మీద, పైకప్పు మీద కొడితే పల్చటి రేకు అలలు అలలుగా వంకర తిరుగుతుంది, ఇక అది ఎప్పటికీ సాపు కాదు. అందుకని బ్లాస్టింగ్ మందంగా ఉన్న అడుగు భాగాలకే, అదీ తక్కువ ప్రెషర్‌తో. ఇసుక మొత్తం బాక్సుల్లోంచి గాలి కొట్టి బయటికి తీయించండి, లోపల మిగిలిన ఇసుక చెమ్మను పట్టి ఉంచుతుంది.

బ్లాస్టింగ్ అయిన రేకును ఆ రోజే ప్రైమర్ కింద పెట్టేయాలి. మన కృష్ణా గుంటూరు గాలికి తెల్లగా మెరిసే రేకు రాత్రి గడిస్తే నారింజ రంగు తిరుగుతుంది. ఉత్త చేత్తో తాకొద్దు, చెమటలో ఉప్పు ఉంటుంది, వేలిముద్ర పడిన చోటే ముందు తుప్పు మొలుస్తుంది.

ప్రైమర్ రెండు డబ్బాల ఎపాక్సీ (పెయింట్ ఒకటి, అందులో కలిపే హార్డెనర్ ఒకటి) వాడండి, రెండు కోట్లు. నీళ్లను ఆపే గుణం దానికే ఉంది. దాని డబ్బా మీద ఇన్ని గంటల లోపు పై కోటు కొట్టాలని రాసి ఉంటుంది, ఆ టైమ్ దాటితే ఎమరీతో గరుకు చేసి కొట్టాలి, లేకపోతే పై కోటు పొరలాగా లేచిపోతుంది.

ఇక టైమింగ్. గాలిలో తేమ 85 శాతం దాటిన పూట పెయింట్ పని పెట్టుకోవద్దు. రేకు వేడి డ్యూ పాయింట్ కంటే కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి, అంటే తెల్లవారుజామున మంచు పట్టిన షెల్ మీద కొట్టకూడదు. అలాగని మే నెల మిట్టమధ్యాహ్నం కొట్టినా తప్పే, థిన్నర్ గాలిలోనే ఆరిపోయి పొడి పొడిగా పడుతుంది. ఎండాకాలం స్లో థిన్నర్ అడిగి తీసుకోండి, పొద్దున ఎండ ఎక్కి రేకు ఆరాక మొదలుపెట్టి పదకొండు లోపు ముగించేలా చూసుకోండి.

బ్రాడీపేట అంబాసిడర్:
మంచి చర్చ. చిన్న సందేహం, బూత్ గారూ. మా తరంలో అన్నిటికీ రెడాక్సైడే కొట్టేవాళ్లం. నా అంబాసిడర్ డిక్కీ అడుగున ఇప్పటికీ అదే ఉంది, బాగానే ఉంది. ఎపాక్సీకి పెట్టే ఖర్చు నిజంగా అవసరమా?

గుంటూరు బూత్:
మీ డిక్కీ లోపల పొడిగా ఉంటుంది కాబట్టి నిలిచింది సార్. మామూలు రెడాక్సైడ్‌కు సన్నని రంధ్రాలు ఉంటాయి, దాని మీద పై కోటు లేకుండా వదిలేస్తే చెమ్మ అందులోంచి మెల్లగా లోపలికి దిగుతుంది. గేటుకు, కిటికీ చువ్వలకు అయితే ప్రతి రెండేళ్లకూ మళ్లీ కొట్టుకుంటాం, చెల్లుతుంది. ఫ్లోర్ కిందికి, బాక్సు లోపలికి మళ్లీ వెళ్లలేం కదా. చేరలేని చోట ఖరీదైనదే వాడాలి, కనపడే చోట మీ ఇష్టం.

అరండల్‌పేట 800:
తుప్పు మీద పూసే రస్ట్ కన్వర్టర్ మందు సంగతేంటి అన్నా? నేను నా మారుతి 800కి అదే వాడాను, గోధుమ రంగు మొత్తం నల్లబడింది. దాని మీద డైరెక్ట్‌గా ఎపాక్సీ కొట్టొచ్చా?

గుంటూరు బూత్:
అది ఫాస్ఫారిక్ యాసిడ్ రకమా, టానిక్ యాసిడ్ రకమా ముందు డబ్బా చూడు తమ్ముడూ. ఫాస్ఫారిక్ అయితే మిగిలిపోయిన యాసిడ్‌ను నీళ్లతో బాగా కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. యాసిడ్ మిగిలిన రేకుకు ఎపాక్సీ సరిగ్గా పట్టదు, ఆర్నెల్లకు పొర లేస్తుంది. ఇంకో జాగ్రత్త ఏంటంటే, యాసిడ్‌ను రెండు రేకుల సందుల్లోకి మాత్రం పోయొద్దు, లోపలికి దిగిన యాసిడ్‌ను ఎవరూ కడగలేరు, అదే లోపల తినడం మొదలుపెడుతుంది. బయటికి కనపడే, కడగగలిగే రేకు మీద గుంటల్లో మిగిలిన తుప్పుకే అది. వదులు తుప్పు మీద ఏ కన్వర్టరూ పనిచేయదు, గీకాల్సిందే.

ఆటోనగర్ మేస్త్రీ:
సీమ్ సీలర్ గురించి ఎవరూ రాయలేదు. ఎపాక్సీ అయ్యాక, రాళ్ల దెబ్బలు ఆపే స్టోన్ కోటింగ్‌కు ముందు, బయటికి కనపడే ప్రతి అతుకు మీదా పాలీయురేథేన్ సీలర్ లాగి, వేలితోనో బ్రష్‌తోనో సందులోకి నొక్కాలి. ఫ్లోర్ బాక్సును కలిసే చోట, చక్రం గూడు డిక్కీని కలిసే చోట, ఫైర్‌వాల్ (ఇంజన్‌కు, లోపలి సీట్లకు మధ్య రేకు) అంచులు. ఉత్త రేకు మీద వేయకూడదు, ప్రైమర్ మీదే. ఇళ్లలో బాత్రూముకు వాడే సిలికాన్ తెచ్చి పూసే షెడ్లు ఉన్నాయి, దాని మీద రంగు నిలవదు, కొన్ని రకాలు ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతాయి, పుల్లటి వాసన వస్తుంది, అది రేకుకు పడదు. ట్యూబు కొనేటప్పుడే బాడీ సీలర్ అని చూసి కొను.

పుట్టీ సంగతి కూడా చెప్తాను. చక్రం వైపు, అడుగు వైపు పుట్టీ అనే మాటే ఉండకూడదు. పుట్టీ నీళ్లు పీలుస్తుంది. సొట్ట ఉంటే ఉండనీ, ఎవరూ చూడరు.

సింగ్ నగర్ జిప్సీ:
అన్నలూ, నా కేస్ చెప్తాను, ఉపయోగపడొచ్చు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పుడు మా వీధిలో బళ్లన్నీ మునిగాయి, నా జిప్సీ సీట్ల పై దాకా నీళ్లలో ఉంది. ఇంజన్ రిపేరు, వైరింగ్ అన్నీ చేయించాం, లోపల కార్పెట్ మార్చాం, బండి స్టార్ట్ అయ్యింది, అందరూ అయిపోయింది అనుకున్నారు. మొన్న రన్నింగ్ బోర్డు రబ్బర్ బిళ్ల తీసి ఫోన్‌కు తగిలించే కెమెరా వైరు లోపలికి పంపితే ఇంకా మెత్తటి ఒండ్రు మట్టి పొరగా పేరుకుని ఉంది, తాకితే తడిగా ఉంది. పైన రంగు ఇంకా కొత్తగానే మెరుస్తోంది. ఎలా తీయాలి?

ఆటోనగర్ మేస్త్రీ:
ముందు కింద డ్రెయిన్ బెజ్జాలు తెరుచుకున్నాయా చూడు, ఒండ్రు వాటినే ముందు మూస్తుంది. తీగతో పొడిచి తెరువు. తర్వాత బండి ముందు భాగం కొంచెం ఎత్తులో పెట్టి, ముందు బెజ్జంలోంచి మామూలు పంపు నీళ్లు వదులు, వెనక నుంచి తేట నీళ్లు వచ్చేదాకా. మరీ ఎక్కువ ప్రెషర్ పెట్టి మట్టిని మూలలకు నెట్టొద్దు. ఆ తర్వాత బ్లోయర్ గాలి, ఎండ, మళ్లీ గాలి. కెమెరాతో చూసి పూర్తిగా ఆరిందని తేలేదాకా లోపల ఏమీ కొట్టొద్దు. తడి మట్టి మీద తుప్పు ఆపే వ్యాక్స్ కొడితే ఆ తడినే లోపల దాచినట్టు.

సింగ్ నగర్ జిప్సీ:
థాంక్స్ అన్నా, ఈ వారమే పెట్టిస్తాను. మా వీధిలో ఇంకా చాలా బళ్లకు ఇదే పరిస్థితి ఉంటుంది, వాళ్లకూ చెప్తాను.

పటమట పద్మిని:
వ్యాక్స్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. బాక్సుల లోపలికి ఎపాక్సీ ఎలా పంపాలి? గన్ దూరదు. లోపల వట్టి వ్యాక్స్ సరిపోతుందా?

గుంటూరు బూత్:
సరిపోతుంది, నిజానికి బాక్సు లోపల వ్యాక్సే మేలు. పెయింట్ గట్టిపడుతుంది, బాడీ కదిలినప్పుడు సందు దగ్గర గీత పడుతుంది. క్యావిటీ వ్యాక్స్ గట్టిపడదు, సందుల్లోకి పాకుతుంది, చిన్న గీత పడినా మెల్లగా మళ్లీ కలుస్తుంది. దానికి పొడుగాటి మెత్తటి గొట్టం, చివర అన్ని వైపులకూ చిమ్మే నాజిల్ ఉంటాయి. గొట్టాన్ని బాక్సు చివరిదాకా తోసి, ట్రిగ్గర్ నొక్కుతూ మెల్లగా వెనక్కి లాగాలి. రెండో చివర నుంచి మళ్లీ ఒకసారి. కింద డ్రెయిన్ బెజ్జాల్లోంచి చుక్కలు పడటం మొదలైతే లోపల అంతా పట్టినట్టు.

వరసలో ఇది అన్నిటికంటే చివర రావాలి. పైరంగు, పెయింట్ బూత్‌లో వేడి పెట్టి ఆరబెట్టడం అన్నీ అయిపోయాక. ముందే కొడితే వేడికి కరిగి బయటికి కారుతుంది, ఆ ఆవిరి తగిలిన చోట పైరంగు మీద చేపకళ్లలాంటి గుంటలు పడతాయి. వ్యాక్స్ కొట్టిన బాక్సు మీద తర్వాత ఎప్పుడైనా వెల్డింగ్ పెడితే లోపల మంటలు లేస్తాయి, తారు కోటింగ్ ఉన్నా అంతే. అందుకే వెల్డింగ్ పని ఒక్క చుక్క కూడా మిగలకుండా ముందే ముగించుకోండి. తర్వాత ఎవరైనా వెల్డర్ చేతికి బండి ఇచ్చినా ఈ విషయం నోటితో చెప్పండి, పక్కన నీళ్లు, మంట ఆర్పే సిలిండరు ఉంచమనండి.

మన ఎండలకు ఇంకో మాట. కొన్ని వ్యాక్స్‌లు 40 దాటిన రోజుల్లో కారిపోతాయి, బండి నిలబెట్టిన చోట నేల మీద మరకలు పడతాయి. కొనేముందు డబ్బా మీద ఎంత వేడి వరకు జారదో చూసి తీసుకోండి. కొట్టేటప్పుడు డబ్బాను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే పల్చబడి బాగా పాకుతుంది.

అరండల్‌పేట 800:
మా వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రతి వానాకాలం ముందు డీజిల్, పాత ఇంజన్ ఆయిల్ కలిపి అడుగున స్ప్రే చేస్తారు. చవక. ఇదంతా ఎందుకు, అదే చేస్తే పోదా?

బ్రాడీపేట అంబాసిడర్:
బాబూ, అది నేను చాలా ఏళ్లు చూశాను. కొన్ని నెలలు రేకు మెరుస్తుంది, నిజమే. కానీ డీజిల్ రబ్బర్ బుష్‌లను ఉబ్బించి మెత్తబరుస్తుంది, బ్రేక్ గొట్టాల మీద పడుతుంది, దుమ్ము అంతా అంటుకుని ముద్దవుతుంది, ఆ ముద్ద వానలో నీళ్లు పట్టి ఉంచుతుంది. పాత ఇంజన్ ఆయిల్‌లో మండిన ఇంధనం తాలూకు యాసిడ్లు ఉంటాయి, అవి రేకుకు మంచివి కావు. చర్మానికి తగలడం కూడా మంచిది కాదు, అందులో క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయి. కింద గుంటలో నిలబడి స్ప్రే చేసే కుర్రాడి ముఖం మీద అదే పడుతుంది, నాకు అది చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. చవకగా కావాలంటే లానోలిన్ రకం దొరుకుతుంది, గొర్రె ఉన్ని కొవ్వుతో చేస్తారు. ఏడాదికోసారి మళ్లీ కొట్టాలి, అంతే. దాన్ని కూడా రబ్బర్ బుష్‌ల మీద పడనివ్వకు.

ఆటోనగర్ మేస్త్రీ:
సార్ చెప్పింది నిజం. చేతులు పగుళ్లు వచ్చిన కుర్రాళ్లు నా కళ్ల ముందే ఉన్నారు.

బందరు రోడ్డు:
రాళ్ల దెబ్బల సంగతి నేను రాస్తాను. హైవే మీద గుంటూరు వెళ్లేటప్పుడు ముందు టిప్పర్ ఉంటే చాలు, చక్రాల గూళ్లలోకి కంకర టపటపా కొడుతుంది. కొత్త కార్లకు చక్రం లోపల ప్లాస్టిక్ లైనర్ ఉంటుంది, దెబ్బ అదే తింటుంది. మన పాత ఫియట్లకు ఆ లైనర్ లేదు, చక్రం విసిరిన రాయి నేరుగా రేకు లోపలి వైపు తగులుతుంది, పెయింట్ చిట్లుతుంది, ఒక్కోసారి బయటి రంగు మీద నక్షత్రంలా పగులు కూడా పడుతుంది.

దీనికి తారు పనికిరాదు. తారు కోటింగ్ కొన్నేళ్లకు ఎండి గట్టిపడి పెళుసవుతుంది, రాయి తగిలితే పగులుతుంది, ఆ పగులులోంచి నీళ్లు దూరి రేకుకు కోటింగ్‌కు మధ్య పాకుతాయి, బయటికి రాలేవు. పటమట గారు గీకినప్పుడు చూసింది ఇదే. చీము తీయకుండా కట్టు కట్టినట్టు. రబ్బర్ రకం స్టోన్ గార్డ్, పైన రంగు కొట్టగలిగేది అడగండి. దానికి షుట్జ్ గన్ అని వేరే గన్ ఉంటుంది, డబ్బాను నేరుగా దానికే బిగిస్తారు. ఎపాక్సీ, సీలర్ ఆరాక పల్చగా రెండు మూడు కోట్లు, కోటుకు కోటుకు మధ్య ఆరనిచ్చి. ఒకేసారి మందంగా కొడితే పైన తోలు కట్టి లోపల థిన్నర్ ఇరుక్కుంటుంది, రోజుల తరబడి మెత్తగానే ఉంటుంది. దాని పైన బాడీ రంగే కొట్టించండి. దెబ్బ తగిలి రంగు పోతే కింద నల్లగా కనపడుతుంది, ఎక్కడ తగిలిందో వెంటనే తెలుస్తుంది.

కొట్టే ముందు మాస్కింగ్ తప్పదు. బ్రేక్ పైపులు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, వెనక స్ప్రింగ్ పట్టీలు, సైలెన్సర్ పోయే దారి, బోల్టు మరలు. మీ షెల్ ఖాళీగా ఉంది కాబట్టి మీకు ఈ పని తేలిక.

ఆటోనగర్ మేస్త్రీ:
డ్రెయిన్ బెజ్జాలు మర్చిపోతారు అందరూ. షుట్జ్ గన్‌తో స్టోన్ గార్డ్ కొట్టేటప్పుడు వాటిలో చిన్న పుల్లలు, ఇయర్ ప్లగ్గులు ఏదో ఒకటి పెట్టి తర్వాత తీసేయాలి. డోర్ కింద బెజ్జాలు, రన్నింగ్ బోర్డు కింద బెజ్జాలు, అద్దం కింద గాలి వచ్చే గ్రిల్ నుంచి నీళ్లు పోయే దారి. నీళ్లు రాకుండా ఆపడం ఏ బండికీ సాధ్యం కాదు, వచ్చిన నీళ్లు పోయేలా చూడటమే పని. ఎంత గొప్ప కోటింగ్ కొట్టినా బెజ్జం మూసుకుపోయిన బాక్సు అడుగున నీళ్లు నిలబడతాయి. వేప చెట్టు కింద బండి పెట్టే వాళ్లు అద్దం కింద గ్రిల్‌ను నెలకోసారి తెరిచి ఆకులు తీయాలి.

పటమట పద్మిని:
డోర్ల లోపల ఏం చేయాలి అన్నా? కింది మడత దగ్గర రెండు డోర్లకు చిన్న అతుకులు పడ్డాయి.

ఆటోనగర్ మేస్త్రీ:
డోర్ బయటి రేకు అంచు లోపలి రేకు మీదికి మడత తిరుగుతుంది కదా, ఆ మడతే అసలు శత్రువు. లోపల వైపు నుంచి ఎపాక్సీ పల్చగా కలిపి, కింద అంతా పారేలా బ్రష్‌తో పూసి డోర్‌ను అటూ ఇటూ తిప్పితే మడతలోకి పోతుంది. ఆరాక, రంగు అయ్యాక వ్యాక్స్. డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు తప్పకుండా అంటించు, పాతది చిరిగిందని పారేసి కొత్తది వేయకుండా ప్యాడ్ బిగించే వాళ్లే ఎక్కువ. గాజు పక్క నుంచి దిగిన నీళ్లను ఆ షీటే కిందికి, బెజ్జాల వైపు పంపుతుంది. అది లేకపోతే ప్యాడ్ అట్ట నానుతుంది, ఫ్లోర్ మీద కార్పెట్ కిందికి నీళ్లు చేరతాయి.

బ్రాడీపేట అంబాసిడర్:
ఫ్లోర్ మీద మాట వచ్చింది కాబట్టి, కార్పెట్ కింద పాత రోజుల్లో జనపనార ఫెల్టు వేసేవారు. అది తడిస్తే వారాల తరబడి ఆరదు. ఇప్పుడు నీళ్లు పీల్చని ఫోమ్ దొరుకుతోంది, అదే వేయించండి. సెల్లార్‌లో బండిని ప్లాస్టిక్ కవరుతో బిగించి కప్పొద్దు, లోపల చెమ్మ పట్టి చుక్కలు కడుతుంది. గాలి ఆడే గుడ్డ కవరు చాలు. వాన ప్రయాణం చేసి వచ్చాక డోర్లు కాసేపు తెరిచి పెట్టండి.

ఇంకో సంగతి. చాసిస్ నంబరు పంచ్ కొట్టిన రేకు మీద షుట్జ్, పుట్టీ ఏదీ పడకూడదు, అక్షరాలు చదవగలిగేలా పల్చటి రంగే ఉండాలి. రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు బండిని చూసేటప్పుడు అదే ముందు అడుగుతారు. మీ 1979 బండికి 2029లో 50 ఏళ్లు నిండుతాయి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు, వీఏ అక్షరాలతో నంబరు వస్తుంది, కానీ అప్పుడు రోజువారీ వాడకానికి రోడ్డెక్కడం కుదరదు. ఏది కావాలో అప్పటికి ఆలోచించుకోండి. ఏదైనా సరే బాడీ, చాసిస్ అసలు రూపంలో ఉంచడం మంచిది.

పటమట పద్మిని:
ఇది నాకు తెలియదు సార్, చాలా ఉపయోగం. ఆదివారం బండి నడపడమే నాకు ఇష్టం, అది పోగొట్టుకోను.

గుంటూరు బూత్:
ఒక్క విషయం గట్టిగా చెప్పాలి, ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. రెండు డబ్బాల పీయూ (పాలీయురేథేన్) పెయింట్ హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది. అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ఒకసారి పడకపోతే జీవితాంతం ఆస్తమా మిగులుతుంది. మూతికి జేబురుమాలు కట్టుకుంటే ఏమీ ఆగదు. బయటి నుంచి గాలి వచ్చే మాస్క్ ఉన్న బూత్‌లోనే ఆ పని చేయించండి. ఎపాక్సీ హార్డెనర్ చర్మానికి ఎలర్జీ తెస్తుంది, కలిపేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి. సెల్లార్‌లో కూర్చుని సొంతంగా కొట్టుకుంటామనే వాళ్లు దయచేసి ఆ ఆలోచన మానండి. వ్యాక్స్, లానోలిన్ వరకు గాలి ఆడే చోట మీరే చేసుకోవచ్చు.

అరండల్‌పేట 800:
సముద్రం ఒడ్డుకు వెళ్లొచ్చాక ఏం చేయాలో కూడా చెప్పండి. మేం తరచూ సూర్యలంక పోతాం.

బందరు రోడ్డు:
ఇసుకలోకి దింపకపోవడమే మంచిది. వెళ్లొచ్చిన మర్నాడే మామూలు నీళ్లతో అడుగు, చక్రాల గూళ్లు బాగా కడిగించు. ఉప్పు పొడిగా ఉన్నప్పుడు పెద్దగా ఏమీ చేయదు, చెమ్మ తగలగానే పని మొదలుపెడుతుంది, సెల్లార్‌లో రాత్రంతా అదే జరుగుతుంది. మడ్‌గార్డు లోపలి మడత అంచు మీద మట్టి నిలుస్తుంది, అక్కడ వేలు పెట్టి మరీ కడగాలి. వెనక చక్రాల ముందు భాగం, రన్నింగ్ బోర్డు కింది అంచు మీద పారదర్శకమైన పీపీఎఫ్ ఫిల్మ్ వేయిస్తే బయటి రంగుకు కంకర దెబ్బలు తగ్గుతాయి. పద్మినికి పెద్ద మడ్‌ఫ్లాపులు కూడా అందంగానే ఉంటాయి, పెట్టించండి.

పటమట పద్మిని:
నేను అర్థం చేసుకున్నది రాస్తాను, తప్పుంటే చెప్పండి. మిగిలిన వెల్డింగ్ మొత్తం ముగించడం, తారు గీకి అడుగు బ్లాస్టింగ్, ఇసుక ఊదేయడం, అదే రోజు ఎపాక్సీ, అతుకుల మీద సీలర్, బెజ్జాలు మూసిపెట్టి చక్రాల గూళ్లకు, ఫ్లోర్ కిందికి స్టోన్ గార్డ్, పైరంగు, బూత్ వేడి, బెజ్జాలు తెరవడం, చివరికి బాక్సుల్లో, డోర్లలో, డిక్కీ పక్క సందుల్లో వ్యాక్స్. బాక్సుల్లోకి గొట్టం పోవడానికి పాత బెజ్జాలు చాలవు. కొత్తవి కొట్టొచ్చా? ఎక్కడ?

ఆటోనగర్ మేస్త్రీ:
వరస కరెక్ట్. బెజ్జాలు ఇప్పుడే, ఎపాక్సీకి ముందే కొట్టించు, తర్వాత కొడితే అంచు ఉత్త రేకు మిగులుతుంది, లోపల ఇనుప పొడి పడుతుంది. బాక్సు కింది వైపు వద్దు, అడుగు బలం తగ్గుతుంది, నీళ్లు కూడా చిమ్ముతాయి. డోరు తెరిస్తే కనపడే నిలువు రేకు మీద, కార్పెట్ అంచు కప్పే చోట, ముందొకటి వెనకొకటి. జాకీ పెట్టే చోటికి, సీటు బెల్టు బోల్టుకు దగ్గరగా కొట్టకు. ముందు రబ్బర్ గ్రామెట్లు (బెజ్జం మూసే బిళ్లలు) కొనుక్కుని వాటి కొలతకు డ్రిల్ వేయించు, బెజ్జం కొట్టాక గ్రామెట్ కోసం తిరగొద్దు. అంచు ఫైల్‌తో రుద్ది ఎపాక్సీ పడేలా చూడు.

గుంటూరు బూత్:
వ్యాక్స్ కొట్టాక ఒక ఏడాదికి అదే గ్రామెట్ తీసి కెమెరాతో చూడండి, జూన్‌లో వానలు మొదలవకముందు. పొర పల్చబడిన చోట ఇంకొంచెం కొడితే సరిపోతుంది. స్టోన్ గార్డ్ మీద స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే అక్కడ లేచినట్టు. అంత మేర గట్టి అంచు వచ్చేదాకా కోసి, ఎపాక్సీ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి, పైన ఇంకో పొర కొట్టి వదిలేయొద్దు.

పటమట పద్మిని:
అందరికీ చాలా థాంక్స్. షెడ్డు వాళ్లతో మాట్లాడాను, నల్ల కోటింగ్ వద్దని చెప్పేశాను, ఒప్పుకున్నారు. మేస్త్రీ అన్నా, గ్రామెట్లు ఆటోనగర్‌లో రబ్బర్ బీడింగ్‌లు అమ్మే షాపుల్లోనే దొరుకుతాయా?

ఆటోనగర్ మేస్త్రీ:
దొరుకుతాయి. నీ వ్యాక్స్ గొట్టం తెచ్చుకో, దానికంటే కొంచెం పెద్దవి చూసి తీసుకో. నాలుగు కాదు, ఆరు కొను, ఒకటి రెండు బిగించేటప్పుడు చిరుగుతాయి.